‘మెన్ ఇన్ బ్లాక్’లో నన్ను ఎక్కువ కట్టిపడేసింది నవ్వని మనిషే

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్, కామెడీ కలిసిన సినిమాల్లో ఇద్దరి జోడీ బాగా కుదిరిన సినిమా ఏది? ఆ ఇద్దరిలో ఎవరి నటన మీకు ఎక్కువ నచ్చింది, ఎందుకు?

నా ఓటు 1997లో వచ్చిన ‘మెన్ ఇన్ బ్లాక్’కే. ఎవరి నటన అంటే మాత్రం టామీ లీ జోన్స్ పేరే చెబుతాను. అలా అనగానే చాలామంది “అదేంటి, నవ్వించింది విల్ స్మిత్ కదా” అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎందుకు మారిందో చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు రాయలేను. కథ చివరిదాకా చెబుతాను కాబట్టి, ఇంకా చూడనివాళ్లు సినిమా చూసి వచ్చి చదివితే మంచిది.

కథ రెండు మాటల్లో. భూమ్మీద గ్రహాంతరవాసులు మనుషుల వేషాల్లో బతుకుతుంటారు. వాళ్ల రాకపోకలను చూసుకోవడానికి న్యూయార్క్‌లో ఒక రహస్య సంస్థ ఉంటుంది. అందులో పనిచేసేవాళ్లకు సొంత పేర్లుండవు, ఒక్కొక్క అక్షరమే పేరు. నల్ల సూటు, నల్ల కళ్లద్దాలు. ఎవరైనా చూడకూడనిది చూస్తే, న్యూరలైజర్ అనే చిన్న కడ్డీలోంచి మెరుపు మెరిపించి వాళ్ల జ్ఞాపకాన్ని చెరిపేస్తారు. అక్కడ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఏజెంట్ కే (టామీ లీ జోన్స్), న్యూయార్క్ పోలీసుశాఖ నుంచి కొత్తగా వచ్చిన ఏజెంట్ జే (విల్ స్మిత్) కలిసి, ఒక రైతు చర్మం తొడుక్కుని తిరుగుతున్న పురుగుజాతి జీవిని పట్టుకోవాలి. అంతే కథ. 98 నిమిషాల్లో అయిపోతుంది.

ఇక నా అనుభవం. కాలేజీలో నేనూ, నా స్నేహితుడూ మూడేళ్లపాటు కలిసి స్కిట్లు వేశాం. వాడిది ఎప్పుడూ గలగలా మాట్లాడే పాత్ర, నాది ముఖం బిగించుకుని నిలబడే పాత్ర. పోలీసు, దొంగ అయినా, డాక్టరు, పేషెంటు అయినా పద్ధతి మారేది కాదు. నవ్వులన్నీ వాడికే వచ్చేవి. ప్రదర్శన అయ్యాక అందరూ వాడి భుజమే తట్టేవారు. రెండో ఏడాది నాకు నిజంగా బాధేసింది. స్కిట్లు రాసే సీనియర్ దగ్గరికి వెళ్లి “అన్నా, ఈసారి నాకూ రెండు పంచ్‌లు రాయి” అని అడిగాను. ఆయన రాయలేదు. “మెన్ ఇన్ బ్లాక్ చూశావుగా? ఇంకోసారి చూడు. ఈసారి విల్ స్మిత్ మాట్లాడుతున్నంతసేపూ పక్కాయన్ని చూడు” అన్నాడు.

ఆ రాత్రే చూశాను. మొదటి పది నిమిషాల్లోనే నేను అంతకుముందు ఏం చూడలేదో తెలిసింది.

మొదటి సీనే తీసుకోండి. మెక్సికో సరిహద్దు దగ్గర రాత్రిపూట వలస కూలీలున్న వ్యాన్‌ను సరిహద్దు పోలీసులు ఆపుతారు. కే వచ్చి వాళ్లను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ స్పానిష్‌లో పలకరిస్తూ పోతాడు. ఒకడి దగ్గర ఆగి, అదే మర్యాదైన గొంతుతో, నీ మొహం పగలగొట్టనా అన్నట్టు ఏదో అడుగుతాడు. వాడు నవ్వుతూ తల ఊపుతాడు. స్పానిష్ రాని ఆ ఒక్కడే గ్రహాంతరవాసి. ఇక్కడ కామెడీ మాటలో లేదు. ఆ మాటకూ, దాన్ని పలికిన గొంతుకూ మధ్య ఉన్న తేడాలో ఉంది. టామీ లీ జోన్స్ గొంతులో చిన్న వెటకారం దొర్లినా ఆ ఉపాయం పారేది కాదు. వరసలో ఉన్న ఆ జీవీ కనిపెట్టేసేది, మనమూ కనిపెట్టేసేవాళ్లం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీను న్యూజెర్సీ రోడ్డు పక్కన జరిగే కాన్పు. ఒక గ్రహాంతర జంట కారులో పారిపోతూ దొరికిపోతారు. భార్యకు నొప్పులు మొదలవుతాయి. కే ఆ పని జేకి అప్పగించి, భర్తను పక్కకు తీసుకెళ్లి, ఎక్కడికి వెళ్తున్నారు, ఎందుకంత తొందర అని ప్రశ్నలు వేస్తుంటాడు. వాళ్ల వెనకాల దూరంగా కారులోంచి ఆక్టోపస్ చేతిలాంటిది ఒకటి బయటికొచ్చి జేని పట్టుకుని ఎత్తి ఊపుతుంటుంది. జే గాల్లో గిరగిరా తిరుగుతూ కేకలు పెడుతుంటాడు. కే వెనక్కి తిరిగి చూడడు. ఆయనకు అదొక మామూలు డ్యూటీ రాత్రి. తెరమీద అంత హంగామా వెనకాల జరుగుతుంటే మన కన్ను మాటిమాటికీ ముందున్న ఆ కదలని ముఖం మీదికే వస్తుంది. ఆయన ఒక్కసారి తిరిగి చూసుంటే, అయ్యో అని ఒక్క రియాక్షన్ ఇచ్చుంటే, ఆ సీన్ సాధారణమైన అల్లరిగా మిగిలిపోయేది.

ఇది నాకు స్టేజీ మీద అనుభవమే. అంతకుముందు ఒక ప్రదర్శనలో నా స్నేహితుడు రిహార్సల్లో లేని మాట ఒకటి అప్పటికప్పుడు అన్నాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నాకూ నవ్వాగక పెదవి కదిలింది. అంతే, పొంగు మీద నీళ్లు చల్లినట్టు హాల్లో నవ్వు అణిగిపోయింది. మాట బాగానే ఉంది కదా, ఎందుకు ఆగిపోయారో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఈ సినిమా చూస్తుంటే అర్థమైంది. ఇద్దరిలో ఒకడు అక్కడ జరుగుతున్నదాన్ని నిజమని నమ్మాలి. నేను నవ్వగానే ఆ నమ్మకం పోయింది. అప్పటిదాకా పోలీసు స్టేషన్‌గా ఉన్న స్టేజీ ఒక్క క్షణంలో ఇద్దరు కుర్రాళ్లు సరదాగా కబుర్లు చెప్పుకునే చోటు అయిపోయింది.

సైన్స్ ఫిక్షన్‌లో ఈ అవసరం ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం. పోలీసు, దొంగ కథలో ప్రపంచం మనకు తెలిసిందే, దాన్ని ఎవరూ నిలబెట్టక్కర్లేదు. ఇక్కడ తల తెగితే మళ్లీ మొలిచే దుకాణదారు ఉన్నాడు, మాట్లాడే పగ్ కుక్క ఉంది, మనిషి ముఖం తలుపులా తెరుచుకుంటే లోపల కూర్చుని ఆ ఒళ్లంతా నడిపే అరచేతి పొడవు జీవి ఉంది. ఇవన్నీ ఆ లోకంలో రోజూ ఉండేవే అని మనల్ని నమ్మించేది గ్రాఫిక్స్ కాదు. వాటిని చూసి కే ఆశ్చర్యపోకపోవడం. కుక్కను పట్టుకుని కుదుపుతూ ప్రశ్నలు అడుగుతుంటే ఆయన ముఖంలో ఉండేది పాత నేరస్థుడితో మాట్లాడే ఇన్‌స్పెక్టర్ విసుగు. అందుకే ఆ కుక్క నిజమైపోతుంది.

ఈ ముఖం టామీ లీ జోన్స్‌కు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1993లో వచ్చిన ‘ది ఫ్యూజిటివ్’లో పారిపోయిన ఖైదీని వెంటాడే మార్షల్ పాత్రకు ఆయన ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. అందులోనూ ఇదే తొందర, ఇదే పొడిపొడి గొంతు, అవతలివాడి గోడు అస్సలు పట్టనట్టుండే ఇదే ధోరణి. కామెడీ కోసం ఆయన ఇంకో మనిషిగా మారలేదు. ఆ మార్షల్‌నే తీసుకొచ్చి గ్రహాంతరవాసుల మధ్య నిలబెట్టినట్టు ఉంటుంది.

దర్శకుడు బ్యారీ సోనెన్‌ఫెల్డ్ వాటా కూడా తక్కువేం కాదు. ఆయన దర్శకుడు కాకముందు కెమెరామన్. అమెరికన్ దర్శకులైన కోయెన్ సోదరుల మొదటి సినిమాలకు కెమెరా పట్టింది ఆయనే. ముందున్నదాన్నీ, వెనకున్నదాన్నీ కలిపి వెడల్పుగా చూపించే వైడ్ లెన్స్ అంటే ఆయనకు ఇష్టం. ఇందాక చెప్పిన కాన్పు సీన్‌లో ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో ఉంటారు, ఒకరు ముందు, ఒకరు వెనక. ముఖాలను విడివిడిగా కోసి అతికించి ఉంటే ఎక్కడ నవ్వాలో ఎడిటర్ చెప్పినట్టయ్యేది. ఒకే ఫ్రేమ్‌లో ఉంచడం వల్ల ఎవరిని చూడాలో మనమే ఎంచుకుంటాం.

ఇంత చెప్పానని విల్ స్మిత్‌ను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ఆయన లేకపోతే కే ఒట్టి ముక్కోపి అయిపోతాడు. స్మిత్ అప్పటికి ర్యాప్ పాటలతో పేరు తెచ్చుకున్నాడు, 1990 నుంచి 1996 దాకా టీవీ కామెడీ సీరియల్ చేశాడు, 1996లో ‘ఇండిపెండెన్స్ డే’తో పెద్ద హీరో అయ్యాడు. ఆ ఆత్మవిశ్వాసమంతా జే నడకలోనే ఉంటుంది. కానీ ఆయన గొప్పతనం మాటల వేగంలో ఉందని అందరూ అంటారు గానీ, నాకైతే ఆయన ఆలోచించే తీరు చూపించిన సీన్లే ఎక్కువ ఇష్టం.

ఉద్యోగానికి పరీక్ష పెట్టే సీన్ గుర్తుందా? మిలిటరీ యూనిఫాం వేసుకున్న మెరికల్లాంటి కుర్రాళ్ల మధ్య జే ఒక్కడే మామూలు బట్టల్లో ఉంటాడు. గుడ్డు ఆకారపు కుర్చీల్లో కూర్చుని అందరూ ఒళ్లోనే కాగితం పెట్టుకుని, అది చిరిగిపోతున్నా అవస్థపడి రాస్తుంటారు. గది మధ్యలో ఉన్న టేబుల్‌ను జే కీచుమని చప్పుడయ్యేలా తన దగ్గరికి లాక్కుంటాడు. ఆ తర్వాత షూటింగ్ పరీక్ష. అందరూ భయంకరమైన బొమ్మల మీద దబదబా కాలుస్తారు. జే కాసేపు చూసి ఒకే ఒక్క గుండు పేలుస్తాడు, అదీ పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్ల బొమ్మకు. ఎందుకని అడిగితే వివరిస్తాడు. ఆ రాక్షసుడు కసరత్తు చేస్తున్నాడు, ఈ రాక్షసుడికి తుమ్ము వస్తోంది, చేతిలో రుమాలు ఉంది. కానీ ఎనిమిదేళ్ల పిల్ల అర్ధరాత్రి ఇలాంటి వీధిలో క్వాంటమ్ ఫిజిక్స్ పుస్తకాలతో ఏం చేస్తోంది అంటాడు. నవ్వొస్తుంది. కానీ విల్ స్మిత్ దాన్ని జోకులా చెప్పడు, తనకు పట్టుబడిన ఆధారాలు చెబుతున్న పోలీసులా చెబుతాడు. వేషాన్ని చూసి మోసపోనివాడు ఈ పనికి పనికొస్తాడని కేకి అక్కడే తెలిసిపోతుంది. మనకు మాత్రం నవ్వులో పడి ఆ సంగతి తర్వాతెప్పుడో తడుతుంది.

ఇంకొకటి రైతు భార్య సీన్. ఆమె భర్తను చంపి ఆ పురుగు అతని చర్మం తొడుక్కుంది. కే వచ్చి విచారించి, ఆమె జ్ఞాపకం చెరిపి, నీ భర్త పాత ప్రేయసితో వెళ్లిపోయాడు అని ఒక అబద్ధం నింపడం మొదలుపెడతాడు. ఆయనకు అది ఫైలు మూసేసే పని. జేకి అది నచ్చదు. మధ్యలో కల్పించుకుని, కాదు, నువ్వే అతన్ని వెళ్లగొట్టావు, అతను నిన్ను ఏనాడూ సరిగ్గా చూసుకోలేదు, ఇప్పుడు మంచి బట్టలు కొనుక్కో, ఇల్లు అందంగా చేయించుకో అంటాడు. ఎలాగూ అబద్ధమే చెప్పాలి కదా, ఆమె తల ఎత్తుకుని బతికే అబద్ధం చెబుదాం అన్న మనసు అది. నాలుగే నాలుగు వాక్యాలు. కే ఇన్నేళ్ల ఉద్యోగంలో పోగొట్టుకున్నదేదో జే దగ్గర ఇంకా ఉందని ఆ నాలుగు వాక్యాల్లో తెలుస్తుంది. స్క్రిప్ట్ రాసిన ఎడ్ సోలమన్‌కు ఇక్కడ నా నమస్కారం. 1989లో వచ్చిన ‘బిల్ అండ్ టెడ్స్ ఎక్సలెంట్ అడ్వెంచర్’ రాసిన ఇద్దరిలో ఆయన ఒకరు. అదీ సైన్స్ ఫిక్షన్ స్నేహితుల కామెడీయే. కానీ అందులో కియాను రీవ్స్, అలెక్స్ వింటర్ ఇద్దరూ ఒకే అచ్చులోంచి వచ్చినట్టుంటారు, ఒకడి మాటను ఇంకొకడు పూర్తి చేస్తాడు. అది చాలా హాయిగా ఉండే సినిమా. కానీ ఒకడు ఇంకొకడిని మార్చే అవకాశం అందులో లేదు. ఇక్కడ ఉంది.

విలన్‌గా వేసిన విన్సెంట్ డొనోఫ్రియో గురించి ఒక్క మాట. మోకాళ్లు వంగకుండా కట్లు బిగించుకుని ఆయన నడిచిన ఆ నడక, సరిపోని చొక్కాలో దూరినట్టు మనిషి చర్మంలో ఇరుక్కున్న జీవి ఎలా ఉంటుందో చూపిస్తుంది. మేకప్‌కు రిక్ బేకర్, డేవిడ్ లెరాయ్ ఆండర్సన్‌లకు ఆస్కార్ వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

తర్వాతి భాగాలు చూడాలా అని కూడా చాలామంది అడుగుతుంటారు. 2002లో వచ్చిన రెండోది వదిలేసినా నష్టం లేదు. 2012 నాటి మూడోది తప్పకుండా చూడండి. అందులో జే 1969కి వెళ్తే, అక్కడ కుర్ర కేగా జోష్ బ్రోలిన్ కనిపిస్తాడు. టామీ లీ జోన్స్ గొంతును, మాటకూ మాటకూ మధ్య ఆయన ఆగే తీరును ఎంత బాగా పట్టుకున్నాడంటే, కళ్లు మూసుకుని వింటే తేడా తెలీదు. అయినా ఆ ముఖంలో బిగువు ఇంకా పూర్తిగా రాలేదు, కొంచెం నవ్వుతాడు కూడా. 2019లో క్రిస్ హెమ్స్‌వర్త్, టెస్సా థాంప్సన్ చేసింది నాకు పెద్దగా ఎక్కలేదు. ఇద్దరూ మంచి నటులే. కానీ ఇద్దరూ సరదాగానే ఉంటారు. నమ్మి నిలబడేవాళ్లు లేరు.

మళ్లీ మొదటి సినిమాకే వస్తాను, చెప్పాలనుకున్నది ఇంకా మిగిలే ఉంది.

సరిహద్దు సీన్‌లో కే పక్కన డీ అనే ముసలి ఏజెంట్ ఉంటాడు. ఆపద వచ్చినప్పుడు చేయి వణికి ఆయన తుపాకీ పేల్చలేకపోతాడు. నేల మీద కూలబడి, నక్షత్రాలు ఎంత అందంగా ఉన్నాయో, మనం వాటిని ఊరికే చూడటం మానేశాం అంటాడు. కే ఆయనతో మెల్లగా మాట్లాడి, ఆ న్యూరలైజర్ మెరుపుతో ఆయన జ్ఞాపకాలన్నీ చెరిపేస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఇది కథలో పరికరాన్ని పరిచయం చేసే సీన్‌లా అనిపించింది. కేను మాత్రమే చూస్తూ రెండోసారి చూసినప్పుడు, తన రేపటిని తనే చూస్తున్న మనిషి కనిపించాడు.

ఆ తర్వాత మధ్యలో ఒకచోట జే ఆఫీసు గదిలోకి వచ్చేసరికి కే ఒంటరిగా ఉపగ్రహ కెమెరాలో ఒకావిడను చూస్తుంటాడు. ఆవిడ తన ఇంటి దగ్గర మొక్కలకు నీళ్లు పోస్తుంటుంది. 1961లో పూలు తీసుకుని ఆవిడ కోసమే వెళ్తూ దారి తప్పి, మొదటిసారి గ్రహాంతరవాసులు దిగిన చోటికి చేరుకున్న కుర్రాడే ఈ కే. ఆ రాత్రి తర్వాత మళ్లీ ఆవిడను కలవలేదు. జే ఓదార్పుగా, అసలు ప్రేమించకపోవడం కన్నా ప్రేమించి పోగొట్టుకోవడమే నయమంటారు కదా అంటాడు. దానికి కే చెప్పే సమాధానం, నువ్వు చేసి చూడు అన్నంత చిన్నది. టామీ లీ జోన్స్ దాన్ని మిగతా డైలాగులు పలికిన గొంతుతోనే పలుకుతాడు. కన్నీళ్లు లేవు, సంగీతం ఉప్పొంగదు. సినిమా మొదటి నుంచీ మనల్ని నవ్వించిన ఆ ఏమీ పట్టని గొంతు నిజానికి ఏమిటో ఆ క్షణంలో తెలుస్తుంది. ఆయనకు పట్టక కాదు. పట్టించుకుంటే ఆ పని చేయలేడు.

ఇది అర్థమయ్యాక నా స్కిట్ పాత్రలు నాకు వేరేగా కనిపించాయి. అప్పటిదాకా నేను నవ్వకుండా ఉండటానికి పళ్లు బిగబట్టేవాణ్ని, జనానికి అదే కనిపించేది. ఆ తర్వాత నుంచి స్టేజీ ఎక్కేముందు నా పాత్ర ఎందుకు నవ్వడో నాకు నేను ఒక కారణం చెప్పుకునేవాణ్ని. ఇంట్లో ఎవరికో బాగోలేదు, లేదా రేపటితో ఉద్యోగం పోతుంది. ఆ కారణం స్కిట్‌లో ఎక్కడా ఉండేది కాదు, నా స్నేహితుడికి కూడా చెప్పేవాణ్ని కాదు. కానీ వాడు మాట్లాడుతుంటే నేను నిజంగా వినడం మొదలుపెట్టాను. తర్వాతి ప్రదర్శనలో వాడు స్టేజీ దిగుతూ “ఒరేయ్, ఇవాళ నువ్వేం చేశావురా, ప్రతి డైలాగూ పేలింది” అన్నాడు. నేను పంచ్‌లు అడగడం మానేశాను.

చాలా ఏళ్ల తర్వాత మేమిద్దరం కలిసినప్పుడు మళ్లీ ఈ సినిమా పెట్టుకున్నాం. చివర్లో పురుగు చచ్చాక, కే న్యూరలైజర్ తీసి జేకి చూపిస్తూ, నేను తయారు చేసింది తోడుగా పనిచేసేవాణ్ని కాదు, నా తర్వాత వచ్చేవాణ్ని అని చెబుతాడు. ఇంతకాలం మోసిన జ్ఞాపకాలు ఇక వద్దంటాడు. మొదట డీకి తాను చేసినదే ఇప్పుడు జే తనకు చేయాలి. అంతవరకూ పక్కన కూర్చుని నవ్వుతూ ఉన్న నా స్నేహితుడు అక్కడ గబుక్కున సినిమా ఆపాడు. “చూడరా” అన్నాడు, “సినిమా మొత్తం నోరు మూయనివాడు. ఇక్కడ వాడికి ఒక్క జోకూ రావట్లేదు.”

వెనక్కి జరిపి మళ్లీ చూశాం. నిజమే. కే ముఖంలో బిగువు వదులైంది, తేలిగ్గా మాట్లాడుతున్నాడు. ఏ భావమూ బయటికి రాకుండా ముఖం బిగించుకుని నిలబడింది ఈసారి విల్ స్మిత్. మెల్లగా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటాడు. ఆ తర్వాత తెర తెల్లగా మెరుస్తుంది.